షేక్ నాజర్

షేక్ నాజర్ (ఫిబ్రవరి 5, 1920 – ఫిబ్రవరి, 1997) సుప్రసిద్ధ బుర్రకథా కళాకారుడు, గాయకుడు, నటుడు, నాటక రచయిత. ఈయన పూర్తిపేరు షేక్ నాజర్ వలి. గుంటూరు జిల్లా పొన్నెకల్లు గ్రామంలో నిరుపేద ముస్లిం కుటుంబంలో జన్మించాడు. ప్రజానాట్యమండలి కళాకారుడిగా ఆంధ్రదేశమంతటా బుర్రకథలు చెప్పి బుర్రకథ పితామహుడు అని ప్రజల చేత పిలిపించుకున్నాడు. భారత ప్రభుత్వం 1986లో ఈయనను పద్మశ్రీ పురస్కారంతో సత్కరించింది.

బుర్రకథ నాజర్ సృష్టించిన కళ కాదు. అది ఆయనకు ఎన్నో తరాల ముందు నుంచే తెలుగునాట ఉన్నది. భిక్షాటనతో బ్రతికే కథకుల నోట జీవించిన ఆ కళను శాస్త్రీయ సంగీతం, నాటకాభినయం తెలిసిన ఒక కళాకారుడు చేపట్టి, వేలాది జనం కూర్చుని వినే సభాకళగా నిలబెట్టడమే నాజర్ సాధించిన ఘనకార్యం. ముగ్గురు మనుషులు, ఒక తంబుర, రెండు చిన్న వాద్యాలు తప్ప మరే సాధనమూ లేకుండా ఈ పని జరిగింది.

బాల్యం, కుటుంబం

నాజర్ స్వగ్రామం పొన్నెకల్లు గుంటూరు జిల్లా తాడికొండ మండలంలో ఉంది. తండ్రి షేక్ మస్తాన్, తల్లి బీనాబీ. వీరిది దూదేకుల కుటుంబం. దూదేకులవారినే పింజారులు అని కూడా అంటారు. విల్లు వంటి సాధనంతో దూదిని ఏకి పరుపులు, దిండ్లు కుట్టి ఇవ్వడం వీరి కులవృత్తి. కోస్తా జిల్లాలలోని దూదేకుల ముస్లింలు ఇంట్లో తెలుగే మాట్లాడతారు. హిందువుల పండుగలలోనూ ముస్లింల పీర్ల పండుగలలోనూ కలసిమెలసి పాల్గొనడం వారి జీవనవిధానం. సమాజంలో మాత్రం పింజారి అనే మాటను తిట్టుగా వాడే అలవాటు ఉండేది. నాజర్ తన ఆత్మకథకు ఆ మాటనే పేరుగా ఉంచడం గమనింపదగినది.

 ఈ కళను ఆయన పట్టుదలతో నేర్చుకున్నాడు. పేదరికం వలన పెద్ద చదువులు చదివే అవకాశం కలుగలేదు. చక్కని కంఠం ఉండడం వలన చిన్ననాడే సంగీతం వైపు, అక్కడి నుండి నాటకం వైపు మళ్ళాడు.

రంగస్థల ప్రవేశం

ఇరవయ్యవ శతాబ్దపు తొలి దశాబ్దాలలో గుంటూరు, కృష్ణా మండలాలలో పద్యనాటకాలకు గొప్ప ఆదరణ ఉండేది. పాడగలిగే బాలురను నాటక సమాజాలు వెదకి చేర్చుకునేవి. స్త్రీలు రంగస్థలం మీదికి రావడం అరుదైన ఆ కాలంలో స్త్రీ పాత్రలను బాలురే ధరించేవారు. నాజర్ బాలరత్న నాటక సమాజంలో చేరి ఇటువంటి పాత్రలతో పేరు తెచ్చుకున్నాడు. వాటిలో కొన్ని:

* కృష్ణలీలలు – దేవకి
* శ్రీకృష్ణ తులాభారం – రుక్మిణి
* భక్త రామదాసు – చాందిని
* పాదుకా పట్టాభిషేకం – కైకేయి

ఈ అనుభవం తరువాతి జీవితానికి పునాది అయింది. దేవకి దుఃఖం, కైకేయి పంతం, రుక్మిణి భక్తి వేరువేరు స్వభావాలు. ఒకే కంఠంతో ఇన్ని స్వభావాలను పలికించడం నాటకంలో అలవడిన విద్య. బుర్రకథలో కథకుడు ఒక్కడే రాజు, రాణి, సేనాని, శత్రువు, దూత అన్నీ కావలసి ఉంటుంది. యౌవనంలో శాస్త్రీయ సంగీతాన్ని కూడా అభ్యసించడంతో కంఠానికి తీరు ఏర్పడింది. ఆ తరువాత కొమ్మినేని బసవయ్య బృందంలో చేరి బుర్రకథలు ప్రదర్శించాడు.

నాజర్‌కు పూర్వం బుర్రకథ

బుర్రకథకు జంగం కథ, తందాన కథ, తంబుర కథ అనే పేర్లు కూడా ఉన్నాయి. తంబురకు క్రింది భాగంలో ఉండే గుండ్రని బుర్ర వలన ఈ పేరు వచ్చిందని సాధారణంగా చెబుతారు. జంగాలు మొదలైన సంచార కథకులు ఊరూరా తిరుగుతూ రాత్రివేళ రచ్చబండ దగ్గరనో, గుడి ముంగిటనో ఈ కథలు చెప్పేవారు. బాలనాగమ్మ కథ, కాంభోజరాజు కథ, దేశింగురాజు కథ, బొబ్బిలి కథ వంటివి వీరు చెప్పేవాటిలో ముఖ్యమైనవి. కథ ఒక్కొక్కప్పుడు కొన్ని రాత్రుల పాటు సాగేది. ప్రతిఫలంగా గ్రామస్తులు ధాన్యమో, పాత బట్టలో, కొద్దిపాటి డబ్బో ఇచ్చేవారు.

పండితులు దీనిని యాచకుల విద్యగా చూచేవారు. నాటకానికి, హరికథకు ఉన్న గౌరవం బుర్రకథకు ఉండేది కాదు. అయితే చదువురాని శ్రోతకు చరిత్రను, నీతిని, లోకవార్తను చేరవేయడంలో దీనికి సాటివచ్చే సాధనం పల్లెలలో లేదు. 1951 జనాభా లెక్కల ప్రకారం కూడా దేశంలో అక్షరాస్యులు సుమారు 18 శాతం మాత్రమే. పత్రికలు, కరపత్రాలు చేరలేని చోటికి పాట చేరుతుందని 1940వ దశకంలో అభ్యుదయవాదులు గ్రహించడంతో బుర్రకథకు కొత్త చరిత్ర మొదలయింది.

ప్రదర్శన విధానం

బుర్రకథ దళంలో ముగ్గురు ఉంటారు. నడుమ నిలిచేవాడు కథకుడు. అతనికి ఇరుప్రక్కలా నిలిచేవారిని వంతలు అంటారు.

కథకుడు తలపాగా, నిలువుటంగీ, నడుముకు పట్టీ, కాళ్ళకు గజ్జెలు ధరిస్తాడు. తంబురను భుజాన ఆనించి ఒక చేతి వ్రేళ్ళతో మీటుతూ, రెండవ చేతి వ్రేళ్ళకు తొడిగిన అందెలను మ్రోగిస్తూ తాళం వేస్తాడు. అందెలంటే లోపల గుండ్లు ఉండే బోలు లోహపు ఉంగరాలు. అంటే ఒకే మనిషి ఒకే సమయంలో శ్రుతి, తాళం, పాట, అడుగు, అభినయం అన్నిటినీ నిర్వహిస్తాడు.

వంతలిద్దరూ గుమ్మెటలు లేదా డక్కీలు అనే వాద్యాలను వాయిస్తారు. ఇవి మట్టితోగాని లోహంతోగాని చేసినవి. ఒక వైపు తోలు మూత ఉంటుంది. వంతలలో ఒకరిది హాస్యం. కథకుడు చెప్పేదానికి చమత్కారంగా అడ్డు తగలడం, శ్రోతలను నవ్వించడం ఇతని పని. రెండవవాడిది రాజకీయం. పాత కథను నేటి విషయానికి ముడిపెట్టి ప్రశ్నించడం, వ్యాఖ్యానించడం ఇతని పని. కథకుడు ఒక చరణం పాడగానే ఇద్దరూ పల్లవిని అందుకుంటారు. ఆ సమయంలో కథకుడికి ఊపిరి తీసుకునే వ్యవధి దొరుకుతుంది. పాట ఆగినచోట వచనం వస్తుంది. వచనం వేడెక్కగానే మళ్ళీ పాట అందుకుంటుంది.

హాస్యం, రాజకీయం అనే ఈ రెండు వంతల ఏర్పాటే బుర్రకథను ఉద్యమానికి పనికివచ్చేలా చేసింది. బొబ్బిలి కోట మీద ఫిరంగులు పేలుతున్న ఘట్టంలో కూడా రాజకీయపు వంత ఒక ప్రశ్న వేసి శ్రోతను తన కాలపు ప్రభుత్వం దగ్గరికి తీసుకురాగలడు. కథ పాతదే గనుక పోలీసులకు పట్టు దొరకదు. అర్థం కొత్తది గనుక శ్రోతకు అది సూటిగా తగులుతుంది.

ఖర్చు విషయంలో కూడా ఈ ప్రక్రియ ప్రత్యేకమైనది. నాటక సమాజానికి తెరలు, దుస్తులు, హార్మోనియం, పదిమంది నటులు, వారందరికీ బండ్లు కావాలి. బుర్రకథ దళం కాలినడకన ఊరు చేరి అదే సాయంత్రం కథ మొదలుపెట్టగలదు. నాజర్ దళంలో వంతలుగా నిలిచినవారిలో రామకోటి, కర్నాటి లక్ష్మీనరసయ్య పేర్లు ప్రసిద్ధమైనవి.

ప్రజానాట్యమండలిలో

1943 మే నెలలో బొంబాయిలో భారత ప్రజా నాటక సంఘం ఏర్పడింది. దీనిని ఇప్టా అని వ్యవహరిస్తారు. అదే కాలంలో ఆంధ్ర ప్రాంతంలో ప్రజానాట్యమండలి రూపుదిద్దుకున్నది. వృత్తిరీత్యా వైద్యుడైన గరికపాటి రాజారావు దీని ప్రధాన నిర్మాత. నాటకంతో పాటు బుర్రకథ, గొల్లసుద్దులు, కోలాటం, వీధి భాగవతం మొదలైన జానపద కళారూపాలన్నిటినీ కొత్త ఇతివృత్తాలతో ప్రజల ముందుకు తేవడం ఈ సంస్థ ఆశయం. ఊరూరా దళాలు ఏర్పడ్డాయి. మోటూరి ఉదయం వంటి స్త్రీలు కూడా బుర్రకథ దళాలు నడపడం ఆ కాలంలో సంచలనం కలిగించింది.

ఈ ఉద్యమం నాజర్‌ను తీర్చిదిద్దింది, ఈ ఉద్యమానికి నాజర్ ప్రధాన కంఠమయ్యాడు. అప్పటికే ఉన్న రాజకీయ దళాలలో పాడాలనే ఉత్సాహం ఉన్నవారు అనేకులు ఉన్నా, కంఠం, సంగీతజ్ఞానం, రంగస్థలానుభవం మూడూ కలిగినవారు కొద్దిమందే. ఈ మూడూ ఉన్న నాజర్ రాకతో బుర్రకథ ప్రచారానికే గాక కళగా వినడానికి కూడా యోగ్యమైనదిగా పేరు పొందింది.

ఈయనకు ఆంధ్ర అమర్ షేక్ అనే బిరుదు ఉన్నది. అమర్ షేక్ (1916–1969) మహారాష్ట్రకు చెందిన ప్రజాగాయకుడు. అణ్ణాభావు సాఠే, గవాణ్‌కర్‌లతో కలసి లాల్ బావటా కళాపథక్ అనే బృందాన్ని నడిపాడు. మరాఠీ పోవాడాలతో బొంబాయి మిల్లు కార్మికులను కదిలించాడు. ఆయనా పేద ముస్లిం కుటుంబంలో పుట్టినవాడే. ఒకే దశాబ్దంలో రెండు భాషలలో ఇద్దరు గాయకులు ఒకే విధంగా పాత వీరగాథల బాణీని కొత్త పోరాటాలకు వాడుకోవడం వలన ఈ పోలిక వచ్చింది.

ప్రసిద్ధ కథలు

పల్నాటి యుద్ధం: పన్నెండవ శతాబ్దంలో పలనాడులో దాయాదుల మధ్య జరిగిన యుద్ధగాథ ఇది. బ్రహ్మనాయుడు, నాయకురాలు నాగమ్మ, బాలచంద్రుడు ఇందులో ముఖ్యపాత్రలు. కోడిపందెంతో రగిలిన వైరం కారంపూడి రణరంగంలో ముగుస్తుంది. అన్ని కులాలవారినీ ఒకే పంక్తిలో కూర్చోబెట్టిన బ్రహ్మనాయుడి చాపకూడు, మాల కులజుడైన కన్నమదాసు సేనానాయకత్వం ఈ గాథలో భాగాలు. నాజర్ స్వస్థలమైన గుంటూరు మండలంలో ఈ వీరులను దైవాలుగా కొలుస్తారు. కనుక ఈ కథ శ్రోతలకు ఇంటి కథ వంటిది.

బొబ్బిలి యుద్ధం: 1757 జనవరి 24న బొబ్బిలి కోట మీద ఫ్రెంచి సేనాని బుస్సీ, విజయనగర ప్రభువు విజయరామరాజు కలసి చేసిన దాడి దీని ఇతివృత్తం. ఫిరంగుల ముందు కోట నిలవదని తెలిసి కూడా రంగారావు లొంగలేదు. కోటలోని స్త్రీలు, పిల్లలు శత్రువు చేత చిక్కకుండా ప్రాణాలు విడిచిన ఘట్టం, తరువాత తాండ్ర పాపారాయుడు శత్రు శిబిరంలో ప్రవేశించి విజయరామరాజును చంపిన ఘట్టం శ్రోతలను కంటతడి పెట్టించేవి. కరుణ రసం నుండి రౌద్రానికి క్షణంలో మారవలసిన కథ గనుక కథకుని శక్తికి ఇది పరీక్ష వంటిది.

అల్లూరి సీతారామరాజు: 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు ఠాణాలపై దాడులతో మొదలై 1924 మే 7న సీతారామరాజు మరణంతో విషాదాంతమైన మన్యం పోరాటం దీని విషయం. అడవి చట్టాల వలన పోడు వ్యవసాయం మానుకోవలసి రావడం, రోడ్డుపనులలో వెట్టిచాకిరి ఆ తిరుగుబాటుకు కారణాలు. నాజర్ ఈ కథ చెప్పిన రోజులలో శ్రోతలలో అనేకులకు ఆ సంఘటనలు తమ జీవితకాలంలో జరిగినవే.

బెంగాల్ కరువు: 1943లో బెంగాల్‌లో సంభవించిన క్షామంలో సుమారు 30 లక్షల మంది మరణించారని అంచనా. పంట లేకపోవడం కంటే యుద్ధకాలపు విధానాలు, ధాన్యం ధరలు, దాచివేతలు ఆ మరణాలకు ముఖ్యకారణాలు. ఎన్నడూ చూడని బెంగాల్ పల్లెల ఆకలిని గుంటూరు, కృష్ణా పల్లెల రైతుకు అర్థమయ్యేలా చెప్పి సానుభూతిని కూడగట్టడం ఈ కథ ప్రయోజనం. పాత వీరగాథ ఏదీ లేకుండా, నడుస్తున్న చరిత్రనే బుర్రకథగా మలచగలమని ఇది నిరూపించింది.

సంగీతం, అభినయం

బుర్రకథ పాటలో రగడ, ద్విపద వంటి దేశి ఛందస్సుల నడక వినిపిస్తుంది. పదాలు చిన్నవి, గణాలు సమానంగా సాగేవి. నడకను పెంచుతూ పోతే అదే పాట యుద్ధవర్ణన అవుతుంది, తగ్గిస్తే విలాపమవుతుంది. సంచార కథకులు రెండు మూడు వరుసలతో కథ అంతా నడిపేవారు. నాజర్ తాను నేర్చిన సంగీతాన్ని, పద్యనాటకపు రాగాలాపనను ఇందులోకి తెచ్చి, రసాన్ని బట్టి రాగాన్ని మార్చే పద్ధతిని పాటించాడు. అయినా మాట స్పష్టంగా వినిపించాలన్న నియమాన్ని వదలలేదు. రాగం కోసం మాటను మింగితే బుర్రకథ విఫలమవుతుంది. శ్రోత కథ కోసం వస్తాడు.

కథకుడు ముందుకు నాలుగడుగులు వేసి వెనుకకు రావడం, గజ్జెల సవ్వడితో వాక్యానికి ముగింపు ఇవ్వడం, ఒక్క తల త్రిప్పుతో ఒక పాత్ర నుండి మరొక పాత్రకు మారడం నాజర్ ప్రదర్శనలో ప్రత్యేక ఆకర్షణలు. రంగస్థలంపై స్త్రీ పాత్రలు ధరించిన అనుభవం వలన రాణి మల్లమదేవి వంటి పాత్రల విలాపాన్ని ఎబ్బెట్టు లేకుండా పలికించగలిగేవాడు. పాత్రధారికి రంగులు, కిరీటాలు సహాయపడతాయి. బుర్రకథకునికి ఆ సహాయం లేదు. ముఖం, గొంతు, తంబుర పట్టిన భుజం మాత్రమే అతని సాధనాలు.

ముస్లిం అయిన నాజర్ హిందూ వీరుల కథలు చెప్పడం, వాటిని హిందూ గ్రామాలు తమవిగా విని ఆదరించడం ఆ కాలపు తెలుగు సమాజ జీవనానికి ఒక నిదర్శనం. దేశ విభజన కాలంలో ఉత్తరాదిన మతకలహాలు చెలరేగుతున్నప్పుడు కూడా ఆంధ్ర గ్రామాలలో ఈ అనుబంధం చెదరలేదు.

నిషేధాలు, తరువాతి కాలం

బుర్రకథ ప్రజలను రాజకీయంగా మేల్కొలుపుతున్నదని గ్రహించి మద్రాసులోని బ్రిటిష్ ప్రభుత్వం, హైదరాబాదులోని నిజాం ప్రభుత్వం రెండూ దానిని నిషేధించాయి. ఒక జానపద కళారూపాన్ని రెండు ప్రభుత్వాలు నిషేధించవలసి రావడం దాని శక్తికి గుర్తింపే. తెలంగాణలో రైతాంగ పోరాటం సాగుతున్న ఆ రోజులలో సరిహద్దుకు ఆవలా ఈవలా పాట, కథ ఒకే విధమైన పని చేశాయి. నల్లగొండ ప్రాంతంలో సుద్దాల హనుమంతు గొల్లసుద్దుల వంటి రూపాలను ఇదే విధంగా ఉద్యమానికి వాడుకున్నాడు.

స్వాతంత్ర్యం తరువాత కూడా పరిస్థితి మెరుగుపడలేదు. 1948లో మద్రాసు రాష్ట్రంలో కమ్యూనిస్టు పార్టీపై నిర్బంధం మొదలుకావడంతో ప్రజానాట్యమండలి కార్యకలాపాలు స్తంభించాయి. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు కలసి వ్రాసిన మాభూమి నాటకం నిషేధానికి గురయింది. దళాలు చెదిరిపోయాయి. అనేకమంది కళాకారులు జీవనోపాధి వెదకుకుంటూ మద్రాసు చేరి చిత్రపరిశ్రమలో ప్రవేశించారు. మిక్కిలినేని, అల్లు రామలింగయ్య వంటి నటులు, తాతినేని ప్రకాశరావు, కె.బి. తిలక్ వంటి దర్శకులు ప్రజానాట్యమండలి నుండి వచ్చినవారే.

నాజర్ దారి వేరు. సినిమాలలో అవకాశాలు వచ్చినా ఆయన సినీనటుడిగా స్థిరపడలేదు. బుర్రకథనే వృత్తిగా నిలుపుకొని పొన్నెకల్లు కేంద్రంగానే జీవించాడు. తనతోటివారిలో పలువురికి సినిమా ఇచ్చిన ఆర్థిక భద్రత బుర్రకథ ఆయనకు ఇవ్వలేదు. ప్రదర్శన ఉన్ననాడే సంపాదన, గొంతు బాగున్ననాడే ప్రదర్శన అన్నది జానపద కళాకారులందరి స్థితి. పెరిగిన కీర్తికి తగినట్లు ఆదాయం పెరగకపోవడం నాజర్ జీవితంలో కనిపించే వైరుధ్యం. అయినప్పటికీ ప్రదర్శనలతో పాటు శిష్యులకు శిక్షణ ఇవ్వడం కొనసాగించి ఈ విద్య తనతో అంతరించకుండా చూచాడు.

చలనచిత్రాలలో

నాజర్ బృందం చెప్పిన బుర్రకథలు కొన్ని తెలుగు చిత్రాలలో చోటు చేసుకున్నాయి.

* పుట్టిల్లు (1953) – గరికపాటి రాజారావు దర్శకత్వం వహించిన చిత్రం. నటి జమునకు ఇది మొదటి చిత్రం.
* అగ్గిరాముడు (1954) – ఎన్.టి. రామారావు, భానుమతి నటించిన ఈ చిత్రంలో నాజర్ బృందం అల్లూరి సీతారామరాజు బుర్రకథను చెప్పింది.
* నిలువు దోపిడి (1968)
* పెత్తందార్లు (1970)

వీటిలో అగ్గిరాముడులోని ఘట్టం మిక్కిలి ప్రజాదరణ పొందింది. నాజర్‌ను ప్రత్యక్షంగా చూడనివారికి ఆయన కంఠం, నిలువు, అడుగు ఎలా ఉండేవో తెలుసుకోవడానికి ఈ దృశ్యం ఉపకరిస్తుంది. రాత్రంతా సాగే కథను సినిమా కోసం కొద్ది నిమిషాలకు కుదించవలసి వచ్చినది కనుక వంతల చమత్కారాలు, శ్రోతలతో నేరుగా నడిచే సంభాషణ ఇందులో పూర్తిగా కనిపించవు.

రచనలు, ఆత్మకథ

నాజర్ ఆసామి అనే నాటకాన్ని రచించి ఆంధ్ర నాటక కళాపరిషత్తు పోటీలలో ప్రదర్శించి బహుమతి పొందాడు. 1929లో తెనాలిలో ప్రారంభమైన ఈ పరిషత్తు పోటీలు తెలుగు నాటకరంగంలో ప్రతిష్ఠాత్మకమైనవి. పెద్ద చదువులు లేని కళాకారుడు రచయితగా కూడా అక్కడ నెగ్గడం విశేషం.

ఈయన జీవితకథ పింజారి అనే పేరుతో వెలువడింది. నాజర్ చెప్పగా దీనిని అంగడాల వెంకట రమణమూర్తి గ్రంథస్థం చేశాడు. చెప్పినదానిని అక్షరబద్ధం చేయడం ఒక వాచిక కళాకారుని జీవితచరిత్రకు తగిన పద్ధతి. జానపద కళాకారులు స్వయంగా తమ జీవితాన్ని నమోదు చేసిన పుస్తకాలు తెలుగులో తక్కువ. ఆ కారణంగా ప్రజానాట్యమండలి చరిత్రను, దూదేకుల జీవనాన్ని, పద్యనాటక కాలపు విశేషాలను పరిశోధించేవారికి ఈ పుస్తకం ముఖ్యమైన ఆధారం.

గౌరవాలు

* బుర్రకథ పితామహుడు, ఆంధ్ర అమర్ షేక్ అనే బిరుదులు
* 1986లో భారత ప్రభుత్వం నుండి పద్మశ్రీ పురస్కారం

ఒకప్పుడు ప్రభుత్వాలు నిషేధించిన కళకు చివరకు దేశ ప్రభుత్వమే పురస్కారం అందించడానికి నలభై సంవత్సరాలకు పైగా పట్టింది. పురస్కారం లభించిన నాటికి నాజర్ వయసు 66 సంవత్సరాలు. 1997 ఫిబ్రవరిలో ఆయన మరణించాడు. 2020లో ఆయన శతజయంతి సంవత్సరం వచ్చింది.

ప్రభావం

నాజర్ తరువాత బుర్రకథ రెండు దారులలో సాగింది. ఒకటి ప్రభుత్వ ప్రచారం. కుటుంబ నియంత్రణ, అక్షరాస్యత, ఆరోగ్యం వంటి విషయాలను గ్రామీణులకు తెలపడానికి ప్రభుత్వ శాఖలు బుర్రకథ దళాలను వినియోగించాయి. ఆకాశవాణి కూడా బుర్రకథలను ప్రసారం చేసింది. ఒకనాడు ప్రభుత్వాన్ని ప్రశ్నించిన రాజకీయపు వంత ఈ దారిలో ప్రభుత్వ పథకాలను వివరించేవాడయ్యాడు. రెండవది ఉద్యమాల దారి. ఉమ్మడి మెదక్ జిల్లా తూప్రాన్‌లో జన్మించి 2023లో మరణించిన ప్రజాగాయకుడు గద్దర్ కూడా తొలిరోజులలో బుర్రకథ చెప్పినవాడే. ముగ్గురు కళాకారులు, గజ్జెలు, ప్రశ్న–జవాబు, నవ్వించి ఆలోచింపజేయడం అనే పద్ధతి తరువాతి ప్రజాగాయకుల ప్రదర్శనలలోనూ కనిపిస్తుంది.

సినిమా, దూరదర్శన్ వ్యాప్తితో రాత్రంతా కూర్చుని కథ వినే అలవాటు పల్లెలలో తగ్గిపోయింది. మూడు రాత్రుల కథ గంటకు, గంట కథ పావుగంటకు కుదిరింది. అయినా పాఠశాలల వార్షికోత్సవాలలో, కార్మిక సంఘాల సభలలో, సాంస్కృతిక పోటీలలో బుర్రకథ నిలిచి ఉంది. నేడు బుర్రకథ చెప్పే కథకుడు తలపాగా చుట్టి, తంబుర భుజాన వేసి, ఇరుప్రక్కలా హాస్యానికి ఒకరిని, రాజకీయానికి ఒకరిని నిలుపుకొని ముందుకు అడుగు వేసే తీరు ప్రజానాట్యమండలి కాలంలో స్థిరపడినదే. ఆ తీరును తెలుగువారికి సుపరిచితం చేసినవారిలో నాజర్ అగ్రగణ్యుడు.